ఏప్రిల్ 5 తర్వాతి రోజు

ప్రతి ఏడాదీ ఏప్రిల్ 5 వచ్చేసరికి మా షిప్పుల వాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ జెండాలతో నిండిపోతాయి. నేషనల్ మారిటైం డే కదా. 1919లో అదే రోజు సింధియా అనే మన దేశపు షిప్పింగ్ కంపెనీ వాళ్ళ ఓడ ఎస్.ఎస్. లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది, దాని గుర్తుగా 1964 నుంచి జరుపుకుంటున్నాం, ప్రధానమంత్రి కోటుకి మర్చంట్ నేవీ, అంటే సరుకు ఓడల వాళ్ళ, చిన్న జెండా గుచ్చుతారు, ఆ ఫోటో కూడా గ్రూపులో తిరుగుతుంది. నాకు ఆ రోజంటే నిజంగా ఇష్టం. ఇరవై ఏళ్ళకి పైగా ఇంజిన్ రూంలో బతికినవాణ్ణి, ఇష్టం లేకుండా ఎలా ఉంటుంది. కానీ ఆ మర్నాడు మాత్రం గ్రూపులన్నీ చప్పబడిపోతాయి. ఏప్రిల్ 6 గురించి ఎవరూ ఒక్క ముక్క రాయరు. నేను కూడా చాలా ఏళ్ళు రాయలేదు, ఎందుకంటే నాకే తెలీదు.

1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. జనం ఇళ్ళకి తాళాలేసుకుని పల్లెటూళ్ళకి పారిపోయిన కథలు తెలుగునాట ఇప్పటికీ చెప్పుకుంటారు. విశాఖ మ్యూజియంలో అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు కూడా ఉంది. అయితే ఆ రోజు ఊరి మీద పడిన బాంబులు కొన్నే. అసలు ఘోరమంతా జరిగింది ఒడ్డున ఉన్నవాళ్ళకి కనపడనంత దూరంలో, నీళ్ళ మీద.

అడ్మిరల్ ఒజావా అనే ఆయన ర్యుజో అనే విమానవాహక నౌకనీ ఆరు క్రూజర్లనీ డిస్ట్రాయర్లనీ తీసుకుని బంగాళాఖాతంలోకి వచ్చాడు. ఆ ముందు రోజే, ఈస్టర్ ఆదివారం నాడు, జపాన్ వాళ్ళది ఇంకో పెద్ద దళం కొలంబో మీద పడింది. కలకత్తా మీద కూడా దాడి జరగొచ్చన్న భయంతో అక్కడి రేవు ఖాళీ చేయించి సరుకు ఓడల్ని బయటికి పంపేశారు, చిన్న చిన్న గుంపులుగా, ఒడ్డు పట్టుకుని పొమ్మన్నారు, వెంట కాపలాకి ఒక్క యుద్ధనౌక లేదు, ఎందుకంటే పంపడానికి అక్కడ యుద్ధనౌకలు లేవు. ఒజావా తన దళాన్ని మూడు ముక్కలు చేసి ఒడిశా తీరం నుంచి మన గోదావరి వైపు దాకా పరిచాడు. కొద్ది రోజుల్లో ఇరవైకి పైగా సరుకు ఓడలు మునిగిపోయాయి, ఎక్కువ భాగం ఆ ఒక్క సోమవారం నాడే. మాల్దా, ఆటోలైకస్, షిన్‌క్వాంగ్, ఇండోరా, సిల్క్స్‌వర్త్, గ్యాంజెస్. అమెరికా వాళ్ళవి ఎక్స్‌మోర్, బియాన్‌విల్, సెల్మా సిటీ. నార్వే వాళ్ళ డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్. డచ్చి వాళ్ళవి కూడా ఉన్నాయి.

వీటిలో నా మనసులో నిలిచిపోయింది డార్డనస్, గండారా. డార్డనస్ మీద ముందు విమానాలు బాంబులేస్తే దాని ఇంజిన్ ఆగిపోయింది. గండారా పారిపోవచ్చు, దాని దారిన అది పోవచ్చు, పోలేదు, వెనక్కొచ్చి తాడు కట్టి డార్డనస్‌ని లాక్కుంటూ బయల్దేరింది. కాళ్ళు విరిగిన మనిషిని భుజానేసుకుని నడిచినట్టు. ఇంకో ఓడని లాగుతున్న ఓడ ఎంత మెల్లగా కదులుతుందో ఆ పని చేసినవాళ్ళకి తెలుసు, తాడు తెగకుండా చూసుకోవాలి, ఇంజిన్ మీద ఒత్తిడి చూసుకోవాలి, ఒక్క నాట్ స్పీడ్ పెంచాలన్నా భయమే. ఆ స్థితిలో మికుమా, మొగామి అనే క్రూజర్లు వాటిని పట్టుకున్నాయి. రెండూ మునిగాయి.

ఇదంతా నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. అప్పుడు నేను ఫోర్త్ ఇంజినీర్‌ని. మా షిప్ లండన్ దగ్గరి టిల్బరీ రేవులో ఉంది, ఒక మధ్యాహ్నం ఒడ్డుకి దిగి తిరగడానికి షోర్ లీవ్ దొరికింది. టిల్బరీ నుంచి ట్రైన్ ఎక్కితే ఫెన్‌చర్చ్ స్ట్రీట్ స్టేషన్లో దిగుతాం, అక్కణ్ణుంచి నాలుగడుగులేస్తే టవర్ హిల్. నేను వెళ్ళింది టవర్ బ్రిడ్జి చూడ్డానికి. మధ్యలో ట్రినిటీ స్క్వేర్ అని ఒక పార్కు, అందులో నేలకన్నా కిందికి దిగే మెట్లు, దిగితే చుట్టూ గోడలు, గోడల నిండా కంచు పలకలు, పలకల నిండా పేర్లు. మర్చంట్ నేవీ మెమోరియల్. పక్కనే మొదటి యుద్ధం వాళ్ళది ఉంది, దాదాపు 12,000 పేర్లు, 1928లో కట్టారు. కిందికి దిగే తోట రెండో యుద్ధం వాళ్ళది, 1955లో ఎలిజబెత్ రాణి ఆవిష్కరించారు, దాదాపు 24,000 పేర్లు. వీళ్ళెవరికీ సముద్రం తప్ప సమాధి లేదు.

ఆ పేర్లు అక్షరక్రమంలో మనుషుల వారీగా ఉండవు, ఓడల వారీగా ఉంటాయి. ఓడ పేరు పైన, దాని కింద అందులో పోయినవాళ్ళు. అది చూసి ఎంత సరిగ్గా చేశారో అనుకున్నా, ఎందుకంటే షిప్‌లో ఉన్నన్నాళ్ళూ మన అడ్రస్ షిప్ పేరే కదా. అలా చదువుకుంటూ పోతుంటే సిటీ ఆఫ్ బెనారస్ అని కనిపించింది. బెనారస్ అన్న మాట చూసి ఆగాను. కింద పేర్లు చదివాను. అన్నీ ఇంగ్లీషు పేర్లే. మన పేరు లాంటిది ఒక్కటీ కనపడలేదు నాకు. కాశీ పేరు పెట్టుకున్న ఓడలో మనవాళ్ళెవరూ లేరేమో అనుకుని వచ్చేశాను. ఆ అనుకోవడం ఎంత తప్పో తెలియడానికి నాకు ఇంకో ఆరేడేళ్ళు పట్టింది.

ఆ ఓడ సిబ్బందిలో ఎక్కువ మంది మనవాళ్ళే. లస్కర్లు. అప్పట్లో బ్రిటిష్ ఓడల్లో పనిచేసే ఇండియన్ నావికుల్ని అలా పిలిచేవాళ్ళు. యుద్ధం మొదలయ్యే నాటికి బ్రిటన్ సరుకు ఓడల్లో పనిచేసేవాళ్ళలో ఇంచుమించు నాలుగో వంతు వీళ్ళే, అటూ ఇటుగా 50,000 మంది. సిల్హెట్, చిట్టగాంగ్, నోవాఖాలీ వాళ్ళు, కొంకణం వాళ్ళు, గోవా వాళ్ళు, కచ్ వాళ్ళు, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళు. చనిపోయాక వీళ్ళ పేర్లు లండన్ గోడ మీదికి వెళ్ళలేదు. ముంబైలో మసీద్ బందర్ దగ్గర ఇండియన్ సైలర్స్ హోంలో ఒక పుస్తకం, చిట్టగాంగ్ యుద్ధ స్మశానంలో ఇంకో పుస్తకం, ఆ పుస్తకాల్లోకి వెళ్ళాయి. సుమారు 6,000 మంది మర్చంట్ నావికుల పేర్లు, వాళ్ళతో పాటు రాయల్ ఇండియన్ నేవీ వాళ్ళు 400 మంది. అంటే ఒకే ఓడలో ఒకే రాత్రి ఒకే నీళ్ళలో పోయినవాళ్ళలో కొందరి పేర్లు లండన్‌లో కంచు మీద, మిగతావాళ్ళవి ముంబైలో కాగితం మీద ఉన్నాయి. దీని గురించి నాకు కోపం ఉంది, దాచుకోను. పుస్తకం పెట్టినందుకు కాదు, పుస్తకం ఉందని మాకు ట్రైనింగ్‌లో కూడా ఎవరూ చెప్పనందుకు.

వీళ్ళ భాష గురించి ఒక మాట. లస్కర్ల డెక్ పెద్దని సెరాంగ్ అనేవాళ్ళు, వాడి కింద టిండాల్, చుక్కాని పట్టేవాడు సుకానీ. గోదావరి లాంచీ నడిపేవాణ్ణి మనం సరంగు అంటాం, చేపలవేటకి వెళ్ళే పడవ పెద్దని తండేల్ అంటాం, ఇక చుక్కాని సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒడ్డున ఉన్న మనకి ఆ మనుషులు గుర్తులేకపోయినా వాళ్ళ మాటలు మన నోట్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కింద ఇంజిన్ వైపు పేర్లు వేరు. బొగ్గు ఎత్తి పొయ్యిలో వేసేవాడు ఆగ్‌వాలా, బొగ్గు మోసుకొచ్చేవాడు కోయ్‌లావాలా, నూనె పోసేవాడు తేల్‌వాలా.

నేను ఎక్కువగా ఆలోచించేది వీళ్ళ గురించే, కింద ఉన్నవాళ్ళ గురించి. ఇంజిన్ రూం అంటే నీటిమట్టం కన్నా కింద ఉంటుంది. టార్పెడో కూడా నీటి కిందే వస్తుంది, ఓడని ఆపాలంటే ఇంజిన్‌ని కొట్టాలి, కాబట్టి అక్కడికే గురిపెడతారు. తగిలిన క్షణంలో లైట్లు పోతాయి. స్టీమ్ పైపు పగిలితే ఆ ఆవిరి కంటికి కనపడదు, కానీ ఒళ్ళు ఉడికిపోతుంది. పైకి పోవాలంటే నిటారుగా ఉండే ఇనుప మెట్లు, ఓడ ఒరిగితే ఆ మెట్లు మెట్లలా ఉండవు. నా సర్వీసులో యుద్ధం చూడలేదు, కానీ ఒకసారి నడిసముద్రంలో బ్లాకౌట్ అయింది, జనరేటర్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి, ఎమర్జెన్సీ లైట్ వచ్చేదాకా కొన్ని సెకన్లు చిమ్మచీకటి, పైగా ఆ నిశ్శబ్దం. ఇంజిన్ రూంలో నిశ్శబ్దం అంత భయంకరమైనది ఇంకోటి లేదు. ఆ కొన్ని సెకన్లలో నా చెయ్యి దానంతటదే మెట్ల రెయిలింగ్ కోసం వెతికింది. అప్పట్నుంచి ఏ షిప్ ఎక్కినా మొదటి రోజే కళ్ళు మూసుకుని కింద ఇంజిన్ రూం నేలకి పరిచే ఇనుప ప్లేట్ల దగ్గర్నుంచి డెక్ దాకా ఒకసారి ఎక్కేవాణ్ణి, మెట్లు లెక్కపెట్టుకుంటూ. ఎనభై ఏళ్ళ కిందటి ఆ ఆగ్‌వాలాలు నాలుగ్గంటల వాచ్, అంటే డ్యూటీ, మొత్తం, ప్రతి రోజూ రెండుసార్లు, ఏ నిమిషమైనా అది జరగొచ్చని తెలిసి కింద నిలబడి బొగ్గు వేశారు. తుపాకీ లేదు చేతిలో. పార మాత్రమే.

జీతం సంగతి కూడా రాయాలి, తప్పదు. లస్కర్‌కి ఇచ్చేది అదే పని చేసే తెల్ల నావికుడి జీతంలో నాలుగో వంతో అయిదో వంతో. పడుకునే చోటు కూడా కొలిచి తక్కువిచ్చారు, 1906లో మార్చిన చట్టంలో తెల్ల నావికుడికి 120 ఘనపుటడుగులు అని పెంచి లస్కర్‌ని మాత్రం పాత 36 దగ్గరే వదిలేశారు. 36 ఘనపుటడుగులంటే ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. 1939లో యుద్ధం రాగానే బ్రిటన్ రేవుల్లో వీళ్ళు సమ్మె చేశారు, ఈ జీతానికి ఈ ప్రమాదంలోకి వెళ్ళం అన్నారు, వందల మంది జైలుకెళ్ళారు, చివరికి జీతం పెంచక తప్పలేదు. దేశభక్తి లేదని తిట్టినవాళ్ళున్నారు అప్పట్లో. ఎవరి దేశం, ఎవరి యుద్ధం అని నేనైతే అడుగుతాను. అన్యాయం తెల్లవాళ్ళకి కూడా జరిగింది, 1941 మే దాకా ఓడ మునిగితే ఆ రోజుతో నావికుడి జీతం ఆగిపోయేది. లైఫ్‌బోట్‌లో తెడ్డు వేస్తున్న మనిషి ఆ క్షణంలో నిరుద్యోగి.

సిటీ ఆఫ్ బెనారస్ దగ్గరికి వస్తాను. 1940 సెప్టెంబర్ 17 రాత్రి, అట్లాంటిక్ మధ్యలో, యు-48 అనే జర్మన్ జలాంతర్గామి కొట్టింది. ఆ ఓడలో బాంబుల నుంచి కాపాడటానికి కెనడా పంపిస్తున్న 90 మంది పిల్లలున్నారు, అందులో 77 మంది చనిపోయారు. బ్రిటన్ ఆ పిల్లల్ని మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా. కానీ అదే రాత్రి ఆ గాలిలో, ఆ వానలో, పల్చటి నూలు బట్టల్లో లైఫ్‌బోట్లలో కూర్చుని చలికి బిగుసుకుపోయి ఒక్కొక్కరే చనిపోయిన లస్కర్లు ఎంతోమంది. 12వ నంబర్ లైఫ్‌బోట్ మిగతావాటి నుంచి విడిపోయి ఎనిమిది రోజులు కొట్టుకుపోయింది. అందులో ఉన్న 46 మందిలో ఆరుగురు ఆ పిల్లలు, ఎక్కువ మంది మాత్రం లస్కర్లే. చివరికి ఒక సండర్లాండ్ విమానం చూసి, నేవీ వాళ్ళొచ్చి ఎక్కించుకున్నారు. ఈ కథ ఇంగ్లీషులో చాలాసార్లు చదివాను, అన్నిట్లో ఆ ఆరుగురు పిల్లల పేర్లూ ఉంటాయి. మనవాళ్ళు మాత్రం ఎక్కువ చోట్ల ఒక్క మాటలో అయిపోతారు, "లస్కర్లు" అని.

ఇంకో తేదీ, 1942 నవంబర్ 23. ఆ రోజు అరేబియా సముద్రంలో తిలావా అనే ఓడని జపాన్ జలాంతర్గామి ఐ-29 ముంచింది. బొంబాయి నుంచి ఆఫ్రికా వెళ్తోంది, మొత్తం 958 మంది, ఎక్కువగా మనవాళ్ళే. మొదటి టార్పెడో తగిలాక బోట్లలోకి దిగారు, ఓడ మునగట్లేదని కొందరు మళ్ళీ ఎక్కారు, అప్పుడు రెండోది తగిలింది. 280 మంది పోయారు. మిగిలినవాళ్ళు రెండు రోజులు నీళ్ళ మీదున్నాక హెచ్.ఎం.ఎస్. బర్మింగ్‌హామ్ వచ్చి దాదాపు అందర్నీ తీసుకుంది. సరిగ్గా అదే తేదీన, భూగోళానికి ఇంకో వైపు, బ్రెజిల్‌కి దూరంగా బెన్ లోమండ్ అనే బ్రిటిష్ ఓడ మునిగింది, అందులో పూన్ లిమ్ అనే చైనీస్ స్టివార్డ్ ఒక్కడే బతికాడు, చెక్క తెప్ప మీద 133 రోజులు ఒంటరిగా. వాన నీళ్ళు పట్టుకుని, చేపలూ పక్షులూ పట్టి తిని. బ్రెజిల్ జాలర్లు అతన్ని చూసింది 1943 ఏప్రిల్ 5న. ఆ తేదీ చూసినప్పుడు ఒళ్ళు జలదరించింది నాకు. మన మారిటైం డే అంటే ఇక నుంచి నాకు అతను కూడా.

తిలావా వాళ్ళకి ఎనభై ఏళ్ళ తర్వాత, 2022 నవంబర్ 23న, ముంబైలో ఒక స్మారక సభ జరిగింది, ఆ కుటుంబాల వాళ్ళే పూనుకుని చేసుకున్నారు. కలకత్తాలో హుగ్లీ ఒడ్డున, ప్రిన్సెప్ ఘాట్‌కి దగ్గర్లో, మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన బెంగాల్, అస్సాం లస్కర్లు 896 మంది కోసం 1924లో కట్టిన స్తంభం ఉంది, అది కూడా ఏళ్ళ తరబడి పాడుబడి ఉంటే 1990ల్లో ఒక నేవీ అధికారి పట్టుబట్టి బాగుచేయించాడు. ఎవరో ఒకరు పట్టించుకుంటే తప్ప నిలబడనివి ఇవి. మన తీరంలో, ఆ ఏప్రిల్ 6న పోయినవాళ్ళ కోసం ఏదైనా గుర్తు ఉందేమోనని నేను వెతికాను, నాకు కనపడలేదు. విశాఖ బీచ్‌లో 1971 యుద్ధానిది విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది, దాని ముందు ఎప్పుడు నిలబడ్డా చేతులు జోడిస్తాను. దానికి ఎదురుగా ఉన్న నీళ్ళలోనే అంతకు ముప్పై ఏళ్ళ ముందు పోయిన సరుకు ఓడల వాళ్ళకి ఒక్క రాయైనా ఉంటే బాగుండును అనిపిస్తుంది.

ఇది పాత కథ అనుకునేవాళ్ళకి ఒక్కటి చెప్తాను. 2024 మార్చిలో గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో ట్రూ కాన్ఫిడెన్స్ అనే సరుకు ఓడ మీద క్షిపణి పడి ముగ్గురు నావికులు పోయారు, ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒకరు వియత్నాం అబ్బాయి. మిగతావాళ్ళని తీసుకొచ్చింది మన ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా. అదే ఏడాది జూన్‌లో రెడ్ సీలో ట్యూటర్ అనే ఓడని పేలుడు పదార్థాలు నింపిన పడవ గుద్దింది. ఎక్కడ గుద్దిందంటే ఇంజిన్ రూం దగ్గరే. ఒక ఫిలిపినో నావికుడు కిందే ఉండిపోయాడు. ఆ వార్త చదివినప్పుడు నేను ఇంట్లో కూర్చుని ఉన్నాను, పక్కన వాళ్ళు ఏదో అడుగుతున్నారు, నాకు వినపడలేదు. వాళ్ళెవరూ యుద్ధం చెయ్యడానికి వెళ్ళలేదు. ఒక రేవు నుంచి ఇంకో రేవుకి సరుకు తీసుకెళ్తున్నారు, అంతే.

కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వాళ్ళ వెబ్‌సైట్లో ఆ పుస్తకాల్లోని పేర్లన్నీ వెతుక్కోవచ్చు. ఓడ పేరు, తేదీ, మనిషి చేసిన పని, కొన్నిచోట్ల తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు అందులో కూర్చుంటాను. చదవడం అంత తేలిక కాదు, ఎవరో గుమాస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్న పేర్లవి, ఒకే పేరు నాలుగు రకాల స్పెల్లింగులతో ఉంటుంది, ఒకే పేరున్న మనుషులు పది మంది ఉంటారు.

పోయిన ఏప్రిల్ 6న పొద్దున్నే లేచి మాల్దా వాళ్ళవి తీశాను. ఒక నోట్‌బుక్ కొని, ఆ పేర్లని తెలుగులో రాయడం మొదలుపెట్టాను. తెలుగులో రాయాలంటే ముందు ఆ పేరు పలకాలి కదా, ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఎత్తి రాయడం కుదరదు, వాళ్ళమ్మ ఎలా పిలిచి ఉంటుందో ఊహించుకోవాలి, దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అని. అందుకని ఒక్కో పేరు రెండు మూడుసార్లు పైకి అనుకుని, కుదిరిందనిపించాక రాశాను. పేరుకి ఒక లైను, పక్కన చేసిన పని. మధ్యాహ్నానికి మాల్దా అయిపోయింది. తర్వాతి పేజీ పైన ఇండోరా అని రాసి పెట్టాను.